ఆగకముందే దూకేవాడు

విమానం ఆగకముందే లేచి నిలబడే మనుషులంటే నూకరత్నానికి ప్రాణం.

లోకమంతా వాళ్లను తిడుతుంది. చక్రాలు ఇంకా దొర్లుతూనే ఉంటాయి, బెల్టు గుర్తు ఇంకా వెలుగుతూనే ఉంటుంది, వీళ్లు మాత్రం దిగ్గున లేచి పైనున్న సంచులు లాగుతారు. కూర్చోండి సార్, కూర్చోండమ్మా అని విమానంలో పనిచేసే ఆడపిల్లలు గొంతు చించుకుంటారు. మిగిలినవాళ్లు పళ్లు నూరుతూ, జనానికి బుద్ధి లేదంటారు. నూకరత్నం మాత్రం వాళ్లను చూసినప్పుడల్లా, పోనీలే, బయట వీళ్ల కోసం ఎవరో ఉన్నారు అనుకుంటుంది.

ఆమెది మొగలిపాలెం. ఆ ఊరు ఇప్పుడు లేదు. ఉత్తరాంధ్ర తీరంలో కట్టిన ఒక పెద్ద విమానాశ్రయం రన్‌వేకి సముద్రం వైపు కొస ఉంటుందే, దాని కింద ఉంది. ఉన్న రోజుల్లో ఆ ఊళ్లో ఒక పద్ధతుండేది. వేట నుంచి వచ్చే పడవ ఒడ్డుకు తగిలి ఆగేదాకా మగవాడు అందులో కూర్చోకూడదు. ఆఖరి కెరటం మీదుండగానే నీళ్లలోకి దూకాలి. దూకి, ఒడ్డున నిలబడ్డ తనవాళ్ల వైపు నడవాలి. తర్వాత పడవ లాగడానికి వెనక్కి వెళ్లొచ్చు, అది వేరే సంగతి. పడవ ఆగాక తీరిగ్గా దిగినవాణ్ణి చూసి ఆడవాళ్లు విరగబడి నవ్వేవారు. "ఈడికి ఇంటికాడ పొయ్యెలిగినట్టు లేదే" అనేవారు.

నూకరత్నం మొగుడు ఎర్రయ్య అందరికంటే ముందు దూకేవాడు. నడుంలోతు దాకా ఆగేవాడు కాదు, పీకల్లోతులోనే దూకేవాడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి కెరటం తిరగేసి కొడితే మూతి పగిలింది. ఆ నెత్తురుతోనే నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏటి మావా అంత తొందర, ఒడ్డేటి పారిపోతాదా" అని అడిగింది ఆమె.

"ఒడ్డు కాదే. నువ్వెల్లిపోతావేమోనని" అన్నాడు.

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే అరిగిపోతుందేమోనని దాచుకుంది.

ఆ ఊరు ఎందుకు పోయింది? పెద్ద విమానం ఆగలేక పోయింది. ఇందులో దాచడానికేం లేదు. ఎగరడం గొప్ప విద్య అని చిన్నపిల్లల పుస్తకాల్లో కూడా బొమ్మలేస్తారు. ఆగడం గురించి ఎవడూ బొమ్మ వెయ్యడు. మనుషుల ఇళ్లు పోయేది మాత్రం ఆగడం దగ్గరే. కొండంత ఇనుము కడుపునిండా మనుషులతో వచ్చి నేలను తాకుతుంది. తాకగానే రెక్కల మీద రేకులు నిక్కబొడుచుకుని లేస్తాయి. గాలి ఇచ్చే ఆసరాను తెగ్గొట్టి బరువంతా చక్రాల మీద పడేస్తాయి. ఇంజన్లు వెనక్కి చిమ్మే గాలిని ముందుకు మళ్లించి రంకెలేస్తాయి. చక్రాల్లో బ్రేకు పలకలు ఒకదాన్నొకటి కరిచిపట్టుకుని నిప్పుకణికలవుతాయి. ఇంత చేసినా అది పరుగెడుతూనే ఉంటుంది. ఎండరోజున ఒక దూరం, వానరోజున ఇంకో దూరం, బ్రేకు పట్టని రోజున దేవుడికే తెలిసిన దూరం. విమానం ఎగరడానికి కావలసిన నేల ఊరిదాకా రాకుండానే సరిపోయింది. దేవుడికే తెలిసిన ఆ దూరం కోసం, ఎప్పుడో ఒకనాడు ఆగలేకపోయే విమానం కోసం, మొగలిపాలెం తీసుకున్నారు.

ఊరంతా కాలనీ రోడ్డు మీద సామాన్లు దించుకుంటున్న రోజున నూకరత్నం ఒక ప్రశ్న అడిగింది. "మావా, ఇమానం బేగి ఆగితే మన ఊరు మనకిచ్చీడం కుదురుతాదా?"

అందరూ నవ్వారు. ఎర్రయ్య నవ్వలేదు. చుట్ట వెలిగించుకుని చాలాసేపు ఆలోచించాడు.

"నువ్వు సదువుకున్నావు గదా. లోపలికెల్లి దాన్ని బేగి ఆగేలాగ సెయ్యి. నాను బయట కూకుని అరుస్తాను. రెండు పక్కల నుంచీ లాగుదుం."

వల లాగే మనిషి కదా, లాగడమంటే రెండు కొసలూ పట్టాలని అతనికి తెలుసు.

అలా ఆమె కంచె లోపల బ్రేకుల షెడ్డులో చేరింది. అతను కంచె బయట టెంటు వేశాడు. మా ఒడ్డు మాకివ్వాలి అని గుడ్డ మీద రాసి కట్టారు. పొద్దున గేటు దగ్గర ఆమె లోపలికి వెళ్తుంటే టెంటులోంచి ముసలి బంగారమ్మ కేకేసేది: "ఓలె నూకా, మొగుడు బయటా పెల్లాం లోపలా, మీది కాపరమా కోడి పందెమా?" సాయంత్రం ఆమె తిరిగొచ్చే వేళకి ఎర్రయ్య టెంటులో ఉండేవాడు కాదు. గేటు నుంచి రోడ్డు మలుపు తిరిగే చోట ఎండలోనో వానలోనో నిలబడి ఉండేవాడు. ఇన్నేళ్లలో ఆ మలుపు ఖాళీగా ఉండగా ఆమె చూడలేదు.

*

బ్రేకుల షెడ్డులో చేరినవాడికి మొదట నేర్పేది ఒకటే. పలకను ఒట్టి చేత్తో ముట్టుకోకు. దిగిన విమానం బ్రేకు చూడటానికి చల్లగానే ఉంటుంది, చర్మం ఊడొచ్చాక గానీ వేడి తెలియదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్లకి చేతి తొడుగు చొక్కా గుండీ లాంటిదైపోతుంది. చల్లటి పలకనైనా తొడుగుతోనే ఎత్తుతారు. ఈ సంగతి తర్వాత కావాలి.

షెడ్డు నుంచి ఆమెను కొత్త బ్రేకులు తయారుచేసే ప్రయోగశాలకి తెచ్చినవాడు ముకుందరావు. బక్కమనిషి, నవ్వడు. వానలో రన్‌వే దాటిపోయిన ఒక విమానంలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. అప్పటినుంచి ఆయనకి లోకంలో ఒకటే పని, విమానాన్ని ఆపడం.

ఆయన తయారు చేసిన పలకను అందరూ తాబేలు అనేవారు. పైడొప్ప అలా ఉంటుంది. పాత బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుంది. తాబేలు చక్రాన్ని పట్టుకోదు. బండి మొత్తంలో ఉన్న వేగాన్ని, ప్రతి మేకులోంచీ ప్రతి గాజులోంచీ ఒక్కసారే పీల్చేసుకుని తనలో పెట్టుకుంటుంది. తడిగుడ్డ నేల మీద నీళ్లు తాగినట్టు. మొదటిసారి పట్టాల మీద బండి ఉరికించి, అందులో నిండు బిందె నీళ్లు పెట్టి ఆపారు. బండి గోడకు కొట్టుకున్నంత వేగంగా ఆగింది. బిందెలో నీళ్లు కదల్లేదు.

"కుదుపు ఎందుకొస్తుంది, రత్నంగారూ?" అన్నాడు ముకుందరావు, నీళ్లకేసి చూస్తూ. "బండి ఆగుతుంది, మనం ఆగం. అందుకే తల వెళ్లి ముందు సీటుకు కొట్టుకుంటుంది. ఇక్కడ మనమూ ఆగిపోతాం. లోపలున్న ప్రతిదీ ఆగిపోతుంది."

లోపలున్న ప్రతిదీ అన్న మాట ఆ రోజు ఎవరి చెవికీ గుచ్చుకోలేదు.

వాడిన తాబేలును బల్ల మీద పెడితే బండి వెళ్తున్న దిక్కుకే ఒరిగేది. తుమ్మెదలా సన్నగా రొద చేసేది. మోసుకెళ్లేవాణ్ణి కూడా ఆ వైపే లాగేది. రోజులు గడిచేకొద్దీ లాగుడు తగ్గేది, రొద మాత్రం చాలాకాలం ఉండేది. వేగం కారిపోతోందిలే అనుకుని గూట్లో పెట్టేసేవారు. తొడుగులున్న చేతులతోనే పెట్టేవారు.

తర్వాత మేకను ఎక్కించారు. తల్లిమేకను బండిలో కట్టి, దాని పిల్లను పట్టాల చివర కట్టారు. పిల్ల అరుస్తుంటే తల్లి కట్టుతాడు తెంపుకునేంత గింజుకుంది. బండి ఉరికింది, ఆగింది. మేక నిలబడి నెమరేసుకుంటోంది. డాక్టరు వచ్చి గుండె చూశాడు, కళ్లు చూశాడు, ఎముకలు చూశాడు. కంగారు కూడా లేదు, బ్రహ్మాండం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల ఇంకా అరుస్తూనే ఉంది. చివరికి నూకరత్నమే దాన్ని ఎత్తుకొచ్చి తల్లి పొదుగు దగ్గర వదిలింది. తల్లి తన్నలేదు, నాకనూ లేదు.

అది కూడా ఆ రోజు ఎవరికీ గుచ్చుకోలేదు. ఆమెకి కూడా.

*

విమానాశ్రయం పెద్దలు ఒక మాట ఇచ్చారు. మనుషులతో దిగే పరీక్షలో విమానం ఎర్రగీత లోపల ఆగితే, ఎర్రగీత అవతల ముక్క వదిలేస్తారు. ఆ గీత ఒకప్పటి మొగలిపాలెం మొదటి వీధి ఎక్కడుండేదో అక్కడ గీశారు. టెంటువాళ్లు నమ్మలేదు. అయితే మీరే ఎక్కండి, మీ కళ్లతోనే చూడండి అన్నారు పెద్దలు. అప్పటికి తాబేలు పలకలు ఒట్టి విమానంతో, ఇసుక మూటలతో ఎన్నోసార్లు దిగాయి. భయపడటానికేం లేదు.

బంగారమ్మ ఎక్కనంది. "నేల మీదే నాకు కల్లు తిరుగుతాయి, పైకెల్లి ఏటి సేత్తాను." ఆమె ముసలాయన దానయ్య ఎక్కుతానన్నాడు. ఎర్రయ్యకైతే నిద్ర పట్టలేదు.

"పైనుంచి మన ఇల్లు ఏడుండేదో కనిపెట్టేత్తాను" అన్నాడు పెళ్లాంతో. "మొగలిడొంక ఇంకా ఉంది గదా. డొంకకి ఎడంపక్క మన వాకిలి."

"తారుకింద ఉన్న వాకిలి ఎలగ కనపడతాది మావా?"

"నాకు కనపడతాది. నీకేటి."

పరీక్షరోజు ఆమె ముకుందరావు పక్కన, గడ్డిలో, ఎర్రగీత దగ్గర నిలబడింది. కంచె అవతల కాలనీ అంతా వచ్చి వేలాడుతోంది. విమానం ఎక్కిన ఊళ్లోవాళ్లను సముద్రం మీద ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చింది. చక్రాలు తాకాయి. రంకె లేదు. పొగ లేదు. రెక్కల మీద రేకులు లేవలేదు. చెట్టు మీద కొంగ వాలినట్టు వాలింది, అంతే, నిలబడిపోయింది. ఎర్రగీత ఎంతో దూరంలో ఉండగానే.

కంచె అవతలి నుంచి ఏడుపూ ఈలా కలిసి ఒకే అరుపు వచ్చింది. ముకుందరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నూకరత్నం మెట్ల దగ్గరికి పరుగెత్తింది.

తలుపు తెరుచుకుంది. ఎవరూ రాలేదు.

ఆమె నిలబడింది. ఎర్రయ్య మొదట దూకుతాడని, మెట్ల మీద నుంచి జారిపడతాడేమోనని చేతులు కూడా చాచి ఉంచింది. లోపలి నుంచి విమానంలో పనిచేసే పిల్ల తొంగిచూసి నవ్వింది.

"మేడమ్, ఇలాంటి ప్యాసింజర్లను నా సర్వీసులో చూడలేదండీ. నేను లేవమనేదాకా ఒక్కరూ లేవలేదు. ఒక్కరూ బెల్టు తియ్యలేదు."

ముకుందరావు వెనకనుంచి, "క్రమశిక్షణ" అన్నాడు సంబరంగా.

నూకరత్నం చాచిన చేతులు దించేసింది.

ఒకళ్ల వెనక ఒకళ్లు దిగారు. ఎర్రయ్య ఆఖరున దిగాడు. ముందున్న దానయ్యకు దారిచ్చి, రెయిలింగు పట్టుకుని, మెట్టు చూసుకుని దిగాడు. ఆమెను చూసి, తెలిసినవాళ్లను చూసి నవ్వినట్టు నవ్వాడు.

"బాగుందే. కుదుపు లేదు."

"మన ఇల్లు కనపడిందా?"

"ఆఁ, కనపడింది. డొంక, ఎడంపక్క వాకిలి. పైనున్నప్పుడు ఏడుపొచ్చీసింది."

"ఇప్పుడో?"

అతను కాస్త ఆలోచించాడు. దాచడం లేదు, నిజంగానే వెతికాడు.

"ఇప్పుడేటుంది. దిగీసినాం గదా."

*

దిగినవాళ్లను అడగాల్సిన ప్రశ్నలు ఆమే తయారు చేసింది, ఆమే అడిగింది. తల తిరిగిందా, ఒళ్లు నొప్పులా, నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, ఏమైనా ఇబ్బందా. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. కడుపునిండా తింటున్నారు, కళ్లనిండా నిద్రపోతున్నారు.

టెంటు దానంతటదే లేచిపోయింది. పోలీసు రాలేదు, లాఠీ రాలేదు. ఎక్కి దిగినవాళ్లు మర్నాడు వచ్చి గుంజలు పీకి, గుడ్డ మడిచి, ఒక పక్కన పెట్టి ఇళ్లకు వెళ్లిపోయారు. గెలిచాం గదా, ఇంకెందుకు అనుకుంది జనం. బంగారమ్మ ఒక్కతే అనుకోలేదు.

"మా ముసిలోడు ఊరు పోయిన కాడినుంచి ఒడ్డు ఒడ్డని ఏడిసినాడే. నిన్న నాను, ఒడ్డు తిరిగొత్తాదంట అన్నాను. 'రానీ' అన్నాడు. కూరలో ఉప్పు సాల్లేదంటే కూడా ఇంతకన్నా గట్టిగా అంటాడు."

ఆ సాయంత్రం నూకరత్నం గేటు దాటి మలుపు తిరిగింది. మలుపు ఖాళీగా ఉంది. ఇంటికెళ్తే ఎర్రయ్య తలుపు తీశాడు, నీళ్లు ఇచ్చాడు, అన్నం వడ్డించాడు. కోపం లేదు, అలక లేదు, ఇంకో ఆడది లేదు. ఏదో ఒకటి ఉంటే ఆమె జుట్టు పట్టుకుని పోట్లాడేది. మంచిగా ఉన్నవాడితో దేనికి పోట్లాడాలి?

మూసేసిన తమ ఒడ్డుకు దూరంగా, పక్క ఊరి ఒడ్డున అతను ఎవరి పడవలోనో వేటకు వెళ్తున్నాడు. ఆదివారం ఆమె అక్కడికి వెళ్లి ఆడవాళ్లలో నిలబడింది. పడవలు కనిపించాయి. తెడ్లు వేస్తూ కెరటాల మీద ఎగిరెగిరి వస్తున్నారు. ఒకడు దూకాడు. ఇంకొకడు దూకాడు. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్న ఒక పిల్ల నీళ్లలోకి పరుగెత్తింది. ఎర్రయ్య పడవలో కూర్చునే ఉన్నాడు. పడవ ఇసుకను రాసుకుని ఆగింది. అతను లుంగీ తడవకుండా ఎత్తి కట్టుకుని, ఒక కాలు తర్వాత ఒక కాలు జాగ్రత్తగా దించాడు.

"ఈడికి ఇంటికాడ పొయ్యెలిగినట్టు లేదే" అంది వెనక ఎవరో ముసలామె. ఆడవాళ్లు నవ్వారు.

ఎర్రయ్య కూడా నవ్వాడు. అందరితో కలిసి, హాయిగా.

*

ఆమె తిన్నగా ప్రయోగశాలకు వెళ్లింది. పరీక్షలో వాడిన పలకలు గూట్లో వరసగా ఉన్నాయి. లాగుడు పోయింది. ఇనుము వేగం ఎప్పుడో కారిపోయింది. రొద మాత్రం ఉంది. విమానం ఆగి ఇన్నాళ్లయింది, ఇంకా ఈ రొద ఎవరిది?

తొడుగు తీసింది. షెడ్డులో చేరిన రోజు నుంచి చెయ్యని పని అది. అరచెయ్యి పలక మీద పెట్టింది.

వేడి లేదు. పాదాలు వాటంతటవే తలుపు వైపు తిరిగాయి. ఎక్కడికో పరుగెత్తాలి, ఇప్పుడే, ఈ క్షణమే, బెల్టు తెంపుకుని, గోడ పగలగొట్టుకుని. ఎవరి ఆత్రమో ఆమె ఒంట్లోకి ఎక్కింది. ఒకరిది కాదు, చాలామందిది. సంతలో అందరూ ఒకేసారి మాట్లాడినట్టుంది. ఆ గోలలో ముసలి దానయ్యది వగరుస్తూ వినిపించింది. ఇంకా లోపల, అందర్నీ తోసుకుంటూ, అందరికంటే ముందు దూకబోతూ, ఒకటి. దాన్ని ఆమె గుర్తుపట్టింది. ఒడ్డున నిలబడ్డ ఒక ఆడమనిషి వైపు అది వస్తోంది. ఆ ఆడమనిషి వెళ్లిపోతుందేమోనని భయంతో వస్తోంది.

ఆ ఆడమనిషి తనే. ఇన్నేళ్లుగా అవతలి ఒడ్డు నుంచి చూసిన దాన్ని మొదటిసారి ఇవతల నుంచి చూసింది. తనను ఇంతగా కోరుకున్నాడని ఆమెకు తెలియదు. కొంచెం తెలుసనుకుంది. ఇంత అని తెలియదు.

ముకుందరావు వచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని పలకను ఒళ్లో పెట్టుకుని ఉంది. "తొడుగు తియ్యండి సార్" అంది. ఆయన తీశాడు. ముట్టుకున్నాడు.

"మేక" అన్నాడు చివరికి.

"మేకే సార్."

"ఇది తిరిగి వాళ్లకి ఇవ్వగలమా?"

"ఇనుముకైతే ఇంజన్ తిప్పి వేగం మళ్లీ ఇస్తాం. మనుషులకి ఎలా ఇస్తామో మీరే చెప్పాలి."

ఆయన గోడకి ఆనుకుని, గొంతు తగ్గించి అన్నాడు: "రత్నంగారూ, నా తమ్ముడు ఆత్రంగానే వస్తున్నాడు ఆ రోజు. ఫోన్ చేసి అన్నం వండించమన్నాడు. ఆత్రం ఉంది, మనిషి లేడు. నాకు ఆత్రం లేని తమ్ముడు ఇంట్లో తిరుగుతున్నా చాలు. మీకు అర్థమవుతోందా?"

ఆమెకు అర్థమైంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. తన ఒళ్లో ఉన్నదీ అబద్ధం కాదు.

ఈ సంగతి పైవాళ్లకు తెలిసింది. వాళ్లకు భయం వెయ్యలేదు, ఒక ఆలోచన మెరిసింది. గొడవ చెయ్యని ప్రయాణికుడు. ఆలస్యమైతే అడగని ప్రయాణికుడు. ఒక్క చుట్టు తిప్పి దించితే గుంజలు పీక్కుని ఇంటికెళ్లిపోయే టెంటు. ఇంతకంటే మంచి యంత్రం ఏ ప్రభుత్వానికైనా, ఏ కంపెనీకైనా ఎవడివ్వగలడు? పైగా ఫిర్యాదు చేసే ఒక్క మనిషి లేడు. ఉండడు. ఫిర్యాదు చెయ్యాలన్న కోరికనే అది తాగేస్తుంది కాబట్టి.

*

తాబేలుకు అనుమతి ఇవ్వడానికి బయటినుంచి ఒక సంఘం వచ్చింది. కాలనీ సామాజిక భవనంలో కూర్చున్నారు. ఊరంతా వచ్చింది. ఇవాళ అనుమతి వస్తే రేపు తారు పీకుతారు, ఎల్లుండి పడవలు సొంత ఒడ్డుకు వెళ్తాయి. కొందరు ఆడవాళ్లు అప్పుడే చీపుర్లు పట్టుకుని వచ్చారు, తమ ఒడ్డు తామే ఊడ్చుకోవాలని.

సంఘం పెద్ద ఒక తెల్లజుట్టు ఆవిడ. దిగినవాళ్లను ఒక్కొక్కర్నే పిలిచి అడిగింది.

"మీకేమైనా ఇబ్బంది ఉందా ఎర్రయ్యగారూ?"

"ఏం లేదమ్మా."

"ముందుకీ ఇప్పటికీ తేడా?"

"ఇప్పుడు నెమ్మదిగుంది. నిద్ర బాగా పడతంది."

నూకరత్నం లేచింది. ఆమె నోరు విప్పితే ఏం పోతుందో గదిలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. కిటికీలోంచి దూరంగా రన్‌వే కొస, దాని పక్కన మొగలిడొంక కనిపిస్తున్నాయి. ఎడంపక్క వాకిలి.

"అమ్మా, దిగినోళ్లను అడిగేరు. మేమూ వాళ్లనే అడిగాం. ఆ ప్రశ్నలు నేనే రాశాను, తప్పు నాదే. ఎదురుచూసినోళ్లను అడగండి."

"ఎవరు మీరు?"

"ఈయన పెళ్లాన్ని. నాకు ఇబ్బంది ఉంది."

ఆమె గుడ్డ విప్పి పలకను బల్ల మీద పెట్టింది. చేతులు పెట్టండి, ఒట్టి చేతులు అంది. సంఘంవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ముకుందరావు లేచాడు. ఆయన అడ్డుపడతాడనుకుంది ఆమె. ఆయన వచ్చి ముందు తన చెయ్యి పెట్టి, "భయం లేదు, కాలదు" అన్నాడు.

తెల్లజుట్టు ఆవిడ చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంచి, రెండో చేత్తో కళ్లు మూసుకుంది. కాసేపటికి కుర్చీలోంచి లేచి, ఎవరికీ చెప్పకుండా వరండాలోకి వెళ్లి, ఇంటికి ఫోన్ చేసింది.

అనుమతి రాలేదు. తాబేళ్లను పెట్టెల్లో పెట్టి తాళం వేశారు. ఎర్రగీతను నల్లరంగుతో పూసేశారు. మొగలిపాలెం మళ్లీ ఆగలేని విమానానిదైంది.

ఆ సాయంత్రం ఆమె నడిచొస్తుంటే కాలనీ ఆడవాళ్లు చీపుర్లతో ఇంటిముందు నిలబడి ఉన్నారు. ఎవరూ తిట్టలేదు, అది ఇంకా కష్టం. ఒకామె మాత్రం, "నీ మొగుడి కోసం మా అందరి ఒడ్డూ ముంచీసినావు గదే" అంది. నూకరత్నం ఆగి, "అవును పిన్నీ" అంది.

మర్నాడు ఆమె గుంజలు మోసుకెళ్లి కంచె దగ్గర మళ్లీ టెంటు వేసింది. ఉద్యోగం లేదు, అది వాళ్లు తీసేశారో తను మానేసిందో అడగడం అనవసరం. గుడ్డ మీద పాత అక్షరాలే. బంగారమ్మ తన పీట తెచ్చుకుని పక్కన కూర్చుంది. తర్వాత చీపురు పట్టుకున్న పిన్ని వచ్చి, తిట్టుకుంటూనే టెంటు ముందు నేల ఊడ్చి, తనూ కూర్చుంది.

పెట్టెలకు తాళం వేసే ముందు ముకుందరావు పలకల్లో ఒకటి తక్కువగా పెట్టాడు. దాన్ని పాత తువ్వాలులో చుట్టి, గేటు దగ్గర ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఎర్రయ్య టీ క్యాను పట్టుకుని వచ్చాడు. ఎవరో చెప్పి పంపి ఉంటారు. గ్లాసులో పోసి ఆమెకిచ్చాడు, తనకూ పోసుకున్నాడు.

"ఎండలో ఎందుకే ఇదంతా."

"కూకో మావా."

కూర్చోమంది కాబట్టి కూర్చున్నాడు. ఆమె తువ్వాలు విప్పింది. రొద చాలా సన్నబడింది, చెవి పెడితే గానీ వినపడదు.

"దీన్ని ఒకపాలి ముట్టుకో."

అతను గ్లాసు కింద పెట్టి, లుంగీకి చెయ్యి తుడుచుకుని, అరచెయ్యి ఆనించాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవుడిదో గానీ, సానా ఆత్రంగా ఉన్నాడే."

"ఎక్కడికంట?"

"ఇంటికి. ఒడ్డున ఎవురో ఆడమనిసి నిలబడుంది. ఆయమ్మి ఎల్లిపోతాదేమోనని బయం ఈడికి." అతను తల తిప్పి మర్యాదగా అడిగాడు. "ఎవురికోసమే పాపం?"

"పెల్లాం కోసం."

"అదురుష్టమంతురాలు" అన్నాడు ఎర్రయ్య.

బంగారమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. నూకరత్నం ఏడవలేదు.

"ఎల్లిపోదని సెప్పు ఆడికి. ఎన్నాలయినా అక్కడే నిలబడుంతాదని సెప్పు."

అప్పుడే ఒక పెద్ద విమానం దిగింది. పాత బ్రేకులది. రెక్కల మీద రేకులు లేచాయి, ఇంజన్లు రంకెలేశాయి, చక్రాల కింద పొగ లేచింది. టెంటు గుడ్డ కొట్టుకుని గుంజలు ఊగాయి. పరుగెత్తి పరుగెత్తి, వాళ్ల వీధి మీదుగా, వాళ్ల వాకిలి మీదుగా, మొగలిడొంక పక్కన ఎక్కడో అది నెమ్మదించింది. లోపల ఈపాటికి జనం లేచి నిలబడి సంచులు లాగుతూ ఉంటారు. ఎవరో కూర్చోమని అరుస్తూ ఉంటారు.

ఎర్రయ్య అటు చూడలేదు. పలకకేసే చూస్తున్నాడు, చెవి ఒకవైపు వంచి. గ్లాసులో టీ చల్లారి మీగడ కట్టింది. అతను చెయ్యి తియ్యలేదు.